ఆర్సెనిక్ స్లడ్జ్‌ను ఏ ఖనిజంగా మార్చాలి? సున్నం, ఫెర్రిక్, స్కోరొడైట్, సల్ఫైడ్ మధ్య ఎంపిక

ఆర్సెనిక్ ఉన్న స్లడ్జ్ (శుద్ధిలో మిగిలే బురద ముద్ద) గురించి విజయవాడ, గుంటూరు వైపు లోహాల పని చేసేవాళ్లతో మాట్లాడితే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "సున్నం వేసేస్తే సరిపోదా అండీ?" సున్నం చవక. ఎక్కడైనా దొరుకుతుంది. ఈటీపీలో, అంటే వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటులో, ఎలాగూ బస్తాలు ఉంటాయి. వేసిన మర్నాడు నీళ్ల రిపోర్టులో ఆర్సెనిక్ తగ్గినట్టే కనిపిస్తుంది కూడా. అయినా జవాబు "సరిపోదు" అనే. మరి ఏది సరిపోతుంది అంటే, ఆ ముద్ద చివరికి ఎక్కడ పడి ఉంటుందో తెలియకుండా ఎవరూ చెప్పలేరు. నా లెక్కలో ఏ ఖనిజం అన్నది రెండో ప్రశ్న. అది ఉండబోయే చోట పీహెచ్ (7కి తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) ఎంత, నీళ్లు నిలుస్తాయా, గాలి తగులుతుందా అన్నది మొదటిది.

ఆర్సెనిక్ విషపు మూలకం. కాల్చినా, కుళ్లబెట్టినా, ఏ బ్యాక్టీరియాకు మేపినా నాశనం కాదు. చేయగలిగిందల్లా నీళ్లలో కరగని రూపంలో కట్టేయడం. కట్టకుండా వదిలేస్తే ఏమవుతుందో చూడాలంటే కెనడాలో ఎల్లోనైఫ్ దగ్గరి జెయింట్ మైన్ ఉంది. బంగారం కోసం ఖనిజాన్ని కాల్చినప్పుడు వచ్చిన ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ ధూళి 2,37,000 టన్నులు అక్కడ భూమి కింద గదుల్లో ఉంది. నీటిలో కరిగే ధూళి అది. ఇప్పుడు చుట్టూ ఉన్న రాతిని గడ్డకట్టించి, ఆ చలిని ఎప్పటికీ నిలబెట్టాలని చూస్తున్నారు. మనకు ఆ చలీ లేదు, అంత ఖర్చు పెట్టేవాళ్లూ లేరు.

ముందు మీ డ్రమ్ములో ఉన్నదేమిటి?

వినుకొండ వైపు అగ్నిగుండాల ప్రాంతంలో ఒకప్పుడు సీసం, రాగి ఖనిజాల పని నడిచింది. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఆర్సెనిక్ సమస్య వస్తే స్క్రాప్ రూపంలో వచ్చే అవకాశమే ఎక్కువ. పాత బ్యాటరీ ప్లేట్ల సీసంలో గట్టిదనం కోసం యాంటిమొనీతో పాటు కొద్దిగా ఆర్సెనిక్ కలుపుతారు. ఆ సీసాన్ని శుద్ధి చేసేటప్పుడు, ముఖ్యంగా కరిగిన సీసంలో కాస్టిక్ సోడా, సోడియం నైట్రేట్ వేసే హారిస్ పద్ధతిలో, ఆర్సెనిక్ అంతా సోడియం ఆర్సెనేట్‌గా మడ్డిలోకి చేరుతుంది. ఇది నీళ్లలో ఉప్పులా కరిగే సరుకు. షెడ్డు బయట కుప్ప పోసి ఉంచితే ఒక్క వానకే కాలవలోకి దారి పడుతుంది. రాగి శుద్ధి చేసేచోట ఎలక్ట్రోలైట్ బ్లీడ్‌లో, అంటే ట్యాంకు నుంచి బయటికి తీసే వాడిన ద్రావణంలో, పేరుకుంటుంది. బంగారం, రాగి సల్ఫైడ్ ఖనిజాలను కాల్చే పెద్ద ప్లాంట్లలో పొగధూళిలో వస్తుంది.

ఏ పద్ధతి ఎంచుకోవాలన్నా ముందు తేల్చుకోవాల్సింది ఆర్సెనిక్ ఏ వేలెన్సీలో ఉందన్నది. మూడు వేలెన్సీది ఆర్సెనైట్, అయిదుది ఆర్సెనేట్. ఆర్సెనైట్ ఎక్కువ విషం, పైగా పట్టుకోవడం కష్టం. పీహెచ్ 9 దాకా అది విద్యుదావేశం లేని అణువుగానే తిరుగుతుంది, అందుకే ఇనుప హైడ్రాక్సైడ్‌కు ఆర్సెనేట్ అంటుకున్నంత బాగా అంటుకోదు. స్కోరొడైట్ అనే ఇనుము, ఆర్సెనేట్ స్ఫటికం అయితే ఆర్సెనేట్ నుంచే కడుతుంది. కాబట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనో, హైపోక్లోరైట్‌తోనో, పర్మాంగనేట్‌తోనో ముందు ఆక్సిడైజ్ చేయాలి. గాలి ఊదితే అదే మారిపోతుందనుకుంటారు. ఒక్క గాలితో అది చాలా నెమ్మది. మొత్తం ఆర్సెనిక్ ఎంతో చెప్పే రిపోర్టు మాత్రమే చేతిలో పెట్టుకుని ఫెర్రిక్ (ఇనుప లవణం) డోసు నిర్ణయించడం మన దగ్గర మామూలే. రెండు రూపాలనూ విడివిడిగా కొలిపించుకోండి, ఆ టెస్టుకయ్యే డబ్బు తర్వాత రసాయనాల్లో తిరిగి వస్తుంది.

సున్నం: మొదటి మెట్టుగా సరే, చివరి మెట్టుగా వద్దు

సున్నం వేస్తే కాల్షియం ఆర్సెనేట్ దిగుతుంది. పీహెచ్ 11, 12 దగ్గర ఉన్నంతసేపు అది కుదురుగానే ఉంటుంది. చిక్కు గాలితో వస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాల్షియాన్ని లాగేసుకుని కార్బొనేట్‌గా మారుస్తుంది, పీహెచ్ 8 చుట్టుపక్కలకు దిగుతుంది, వదిలేసిన ఆర్సెనేట్ నీళ్లలోకి వస్తుంది. గోడకు వేసిన సున్నం గట్టిపడేది కూడా ఇదే రసాయన చర్యతో. అక్కడ మనకు లాభం, ఇక్కడ నష్టం. ఈ సంగతి 1980ల నాటికే లోహశాస్త్రంలో స్పష్టమైంది, అయినా అలవాటు పోలేదు. ఎక్కువ ఆర్సెనిక్ ఉన్న నీళ్లలో భారం దించడానికి సున్నాన్ని మొదటి దశగా వాడితే నాకు అభ్యంతరం లేదు. ఆ ముద్దనే తుది వ్యర్థంగా బస్తాల్లో కట్టి పంపడాన్నే నేను ఒప్పుకోను.

ఫెర్రిక్‌తో పట్టడం

చిన్న, మధ్యస్థాయి యూనిట్లకు నిజంగా చేతనయ్యే పద్ధతి ఇదే. ఫెర్రిక్ సల్ఫేట్ లేదా ఫెర్రిక్ క్లోరైడ్ కలిపి, పీహెచ్‌ను నెమ్మదిగా 4 నుంచి 7 మధ్యకు తెస్తే ఎర్రమట్టి రంగు ముద్ద దిగుతుంది. అది ఫెర్రిహైడ్రైట్. దాని ఉపరితలం మీదా, లోపలా ఆర్సెనేట్ ఇరుక్కుంటుంది. వేడి అక్కర్లేదు, ఆవిరి అక్కర్లేదు, మామూలు ట్యాంకూ, కలిపే మోటారూ, ఫిల్టర్ ప్రెస్సూ చాలు. సరిగ్గా చేస్తే బయటికొచ్చే నీళ్లు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల విడుదల పరిమితికి బాగా కిందికి దిగుతాయి.

ఇక్కడ పిసినారితనం పనికిరాదు. ఆర్సెనిక్ ఒక మోల్ ఉంటే ఇనుము కనీసం మూడు మోల్స్ ఉండాలి, నాలుగు పెట్టుకుంటే నిశ్చింత. బరువులో చెప్పాలంటే నాలుగు రెట్ల లెక్కకు కిలో ఆర్సెనిక్‌కు దాదాపు 3 కిలోల ఇనుము. ఇక దిగే ముద్ద సంగతి వినండి. ఫెర్రిక్ సల్ఫేట్ వాడి సున్నంతో పీహెచ్ పెంచితే, ఇనుప ముద్ద ఏడెనిమిది కిలోలు, దానికి రెట్టింపుకు కాస్త తక్కువగా జిప్సం, మొత్తం కలిపి ఎండు లెక్కలోనే కిలో ఆర్సెనిక్‌కు సుమారు 20 కిలోలు. ప్రెస్ నుంచి వచ్చే తడి కేక్ అంతకు రెట్టింపు దాకా పోవచ్చు. రవాణా, ల్యాండ్‌ఫిల్ బిల్లు టన్నుల మీద కడతారు కాబట్టి చవక పద్ధతి అనుకున్నది చివరి బిల్లులో ఏమీ చవక కాదు. కాస్టిక్‌తో పీహెచ్ పెంచితే జిప్సం ఉండదు, కానీ కాస్టిక్ ధర ఎక్కువ. పైగా జిప్సం వల్ల వచ్చే కాల్షియం ఆర్సెనిక్‌ను కొంత అదనంగా పట్టి ఉంచుతుంది. అందుకే దాన్ని పూర్తిగా దండగ అనలేను.

ఫెర్రిహైడ్రైట్‌కు రెండు భయాలున్నాయి. ఏళ్లు గడిచేకొద్దీ గోథైట్, హెమటైట్ అనే వేరే ఇనుప ఖనిజాలుగా మారుతుంది, ఉపరితలం తగ్గుతుంది. ఆర్సెనిక్ తోడుగా ఉంటే ఈ మార్పు బాగా నెమ్మదిస్తుంది, ఇనుము నిష్పత్తి ఎక్కువ పెట్టమనేది అందుకే. రెండోది అంతకంటే పెద్దది: గాలి ఆడకపోవడం. సేంద్రియ పదార్థం ఉన్న బురదలో నీళ్లు నిలిస్తే బ్యాక్టీరియా ఫెర్రిక్ ఇనుమును నీళ్లలో కరిగే ఫెర్రస్‌గా మారుస్తుంది, ముద్ద కరుగుతుంది, ఆర్సెనిక్ విడుదలవుతుంది. బెంగాల్ డెల్టాలో బావుల నీళ్లలోకి ఆర్సెనిక్ చేరిన దారి ఇదే, అక్కడ ఫ్యాక్టరీ ప్రమేయం కూడా లేదు. ఫాస్ఫేట్ కూడా శత్రువే, ఆర్సెనేట్ కూర్చున్న చోట అది వచ్చి కూర్చుంటుంది. ఫాస్ఫేట్ ఎరువైన డీఏపీ బస్తాలు బస్తాలుగా చల్లే పొలాల పక్కన ఈ ముద్ద ఎందుకు ఉండకూడదో వేరే చెప్పనక్కర్లేదు.

స్కోరొడైట్

పెద్ద ప్లాంట్ల పద్ధతి. ఇనుము, ఆర్సెనేట్ ఒకటికొకటిగా కలిసిన, రెండు నీటి అణువులున్న లేత ఆకుపచ్చ స్ఫటికం. ఆర్సెనోపైరైట్ (ఇనుము, ఆర్సెనిక్, గంధకం ఉన్న ఖనిజం) శిథిలమయ్యే చోట ప్రకృతిలో దానంతట అదే ఏర్పడుతుంది. బరువులో దాదాపు 32 శాతం ఆర్సెనిక్, అంటే కిలో ఆర్సెనిక్‌కు మూడు కిలోల పైచిలుకు సరుకే. ఫెర్రిహైడ్రైట్ ముద్దతో పోల్చి చూడండి. గట్టిగా, బరువుగా, త్వరగా వడకట్టేలా వస్తుంది, తేమ తక్కువ.

అది రావాలంటే మాత్రం ఓపిక కావాలి. పాత దారి ఆటోక్లేవ్, 150 డిగ్రీలు దాటిన వేడిలో ఒత్తిడి కింద. కొత్త దారి మామూలు వాతావరణ ఒత్తిడిలో 90, 95 డిగ్రీల దగ్గర, పీహెచ్ 1 చుట్టుపక్కల, కొన్ని గంటల పాటు. జపాన్‌కు చెందిన డోవా కంపెనీ ఫెర్రస్ ఇనుమును ఆక్సిజన్‌తో మెల్లగా ఆక్సిడైజ్ చేస్తూ పెద్ద స్ఫటికాలు తీసింది. చిలీలో ప్రభుత్వ రాగి కంపెనీ కొడెల్కో అనుబంధ సంస్థ ఎకోమెటాలెస్ స్మెల్టర్ ధూళిని ఇలాగే స్కోరొడైట్‌గా మారుస్తుంది. కిటుకంతా తొందరపడకపోవడంలో ఉంది. పటికబెల్లం చేసేవాళ్లు పాకంలో దారం వేసి రోజుల తరబడి కదపకుండా ఉంచుతారు కదా, ఇక్కడ కూడా విత్తనపు స్ఫటికాలు వేసి, ద్రావణం ఒక్కసారిగా విరిగిపోకుండా చూసుకోవాలి. తొందరపడి పీహెచ్ పెంచితే స్ఫటికం కాని ఫెర్రిక్ ఆర్సెనేట్ దిగుతుంది. చూడ్డానికి అదీ ముద్దే, కరిగే గుణంలో మాత్రం స్కోరొడైట్ కంటే సుమారు వంద రెట్లు. కళ్లతో చూసి చెప్పలేరు, స్ఫటికమో కాదో చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్ష చేయించాల్సిందే. "మేం స్కోరొడైట్ చేస్తాం" అని వచ్చే సరఫరాదారును ఆ గ్రాఫ్ చూపించమని అడగండి. మాట మారుస్తాడా లేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

స్కోరొడైట్ ఒక్కదానితో పని పూర్తి కాదన్నది బ్రోషర్లలో కనపడని విషయం. మిగిలే ద్రావణంలో ఇంకా లీటరుకు వందల మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉండొచ్చు, దానికి మళ్లీ ఫెర్రిక్ దశ కావాలి. కేక్‌ను బాగా కడగాలి కూడా. స్ఫటికం మంచిదే అయినా మధ్యలో చిక్కుకున్న పుల్ల నీళ్ల వల్ల టెస్టు తప్పడం ఉంటుంది.

అసలు బలహీనత పీహెచ్. 3 నుంచి 6 మధ్య స్కోరొడైట్ హాయిగా ఉంటుంది. 7, 8 దాటితే ఇనుము హైడ్రాక్సైడ్‌గా వెనకే ఉండిపోయి ఆర్సెనేట్ బయటికొస్తుంది. ఇది మన ప్రాంతానికి చాలా ముఖ్యం, కిందికి వస్తున్నాను.

సల్ఫైడ్, మరొక చిన్న పేరు

ఆమ్ల ద్రావణంలో సోడియం హైడ్రోసల్ఫైడ్ వేస్తే పసుపుపచ్చ ఆర్సెనిక్ సల్ఫైడ్ దిగుతుంది, పాతకాలపు అరిదళం ఇదే. 60 శాతం ఆర్సెనిక్, అన్నిటికంటే తక్కువ పరిమాణం. ఆర్సెనైట్‌ను ఆక్సిడైజ్ చేయాల్సిన పని లేదు. స్మెల్టర్ల ఆమ్లపు నీళ్లకు ఇది బాగా వాడతారు. కానీ గాలి తగిలితే మెల్లగా ఆక్సిడైజ్ అవుతుంది, పీహెచ్ పెరిగితే కరిగిపోతుంది, ఆమ్లంతో పని కాబట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ ప్రమాదం ఎప్పుడూ పక్కనే. దీన్ని నిల్వ రూపంగా కాక, మోసుకెళ్లే రూపంగా చూస్తాను. గ్యాస్ స్క్రబ్బర్, అలారం, శిక్షణ ఉన్న మనుషులు లేని షెడ్డులో దీని జోలికి పోవద్దు.

ట్యూయెలైట్ అనే ఖనిజం ఆర్సెనైట్‌ను నేరుగా ఇనుము, సల్ఫేట్‌తో కలిపి కట్టేస్తుంది. ఆక్సిడెంట్ ఖర్చు మిగులుతుందని పరిశోధకులకు ఆసక్తి. స్కోరొడైట్ కంటే ఎక్కువ కరుగుతుంది కాబట్టి యూనిట్ నడిపేవాళ్లకు ఇప్పుడే సిఫార్సు చేయను.

మన నేల, మన నీళ్లు

ఇప్పటిదాకా చెప్పినదాంట్లో చిలీ ఎడారి లెక్క కృష్ణా డెల్టాకు కుదరదు. గుంటూరు నల్లరేగడి సున్నం పాలు ఎక్కువున్న నేల, పీహెచ్ సాధారణంగా 8 చుట్టూ ఉంటుంది. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానల్లో ఉబ్బుతుంది, నీళ్లు దిగకుండా పట్టి ఉంచుతుంది. అంటే స్కోరొడైట్‌కు నచ్చని పీహెచ్, ఫెర్రిహైడ్రైట్‌కు నచ్చని నిల్వ నీళ్లు, రెండూ ఒకేచోట. యూనిట్ వెనక గుంట తవ్వి పాతేద్దాం అన్న ఆలోచన చట్టప్రకారం ఎలాగూ నేరం, రసాయనశాస్త్రం ప్రకారం కూడా అన్ని విధాలా తప్పే.

2024 ఆగస్టు చివర్లో, సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు కదలకుండా నిలిచాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి నీళ్లలో మురుగు ఉంటుంది, సేంద్రియ పదార్థం ఉంటుంది, ఆక్సిజన్ ఉండదు. షెడ్డులో ఫెర్రిక్ కేక్ బస్తాలు నేల మీదే ఉంటే బురదలోకి ఏం కలుస్తుందో ఊహించుకోవచ్చు. ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు 2016 ప్రకారం మామూలుగా 90 రోజులకు మించి ఆవరణలో ఉంచకూడదు. ఆ 90 రోజులు జూన్ నుంచి అక్టోబరు మధ్య పడితే ఎత్తైన దిమ్మె, పైకప్పు, చుట్టూ కట్ట తప్పనిసరి అని నా అభిప్రాయం. ఇంకా మంచిది, వానాకాలం ముందే లోడు ఎత్తించేయడం.

చివరికి సరుకు చేరేది విశాఖ దగ్గరి పరవాడ లాంటి టీఎస్‌డీఎఫ్‌కు, అంటే ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే కేంద్రానికి. అక్కడ అడుగున లైనర్లున్న ల్యాండ్‌ఫిల్ ఉంటుంది, కాబట్టి మన నల్లరేగడి భయం అక్కడ వర్తించదు. కానీ కొత్త భయం ఒకటి వస్తుంది. ఇలాంటి కేంద్రాల్లో వచ్చిన వ్యర్థాన్ని సిమెంటు, సున్నం, ఫ్లైయాష్ కలిపి గట్టిపరచడం మామూలు పద్ధతి. సీసం లాంటి లోహాలకు అది బాగానే పనిచేస్తుంది. ఎంతో ఖర్చుపెట్టి చేసిన స్కోరొడైట్‌ను తీసుకెళ్లి పీహెచ్ 12 సిమెంటులో కలిపితే మాత్రం మనమే దాన్ని విప్పేసినట్టు. సల్ఫైడ్‌కూ అదే గతి. ఫెర్రిక్ కేక్ కొంత తట్టుకుంటుంది, అది కూడా సిమెంటులోని కాల్షియం పుణ్యమా అని.

"టీసీఎల్‌పీ పాస్ అయింది కదా, ఇంకెందుకు టెన్షన్?"

టీసీఎల్‌పీ అంటే ముద్దను దాని బరువుకు 20 రెట్ల ఎసిటిక్ ఆమ్ల ద్రావణంలో 18 గంటలు తిప్పి, కరిగినదాన్ని కొలవడం. ఆర్సెనిక్‌కు హద్దు లీటరుకు 5 మిల్లీగ్రాములు. తాగునీటి హద్దు 0.01, అంటే 500 రెట్ల తేడా. పైగా ఆ టెస్టులో వాడేది ఆమ్లం. స్కోరొడైట్‌కు ఆమ్లమంటే పుట్టిల్లు, అక్కడ అది పాస్ కావడంలో వింతేముంది? క్షారంలో ఏమవుతుందో, గాలి లేకపోతే ఏమవుతుందో, ఆరు నెలలకు ఏమవుతుందో టీసీఎల్‌పీ చెప్పదు. కాగితం కోసం అది చేయించాలి, తప్పదు. మీ కోసం ఇంకో రెండు చేయించుకోండి. ఒకటి, పీహెచ్ 5, 7, 8.5, 10 దగ్గర విడివిడిగా, నీళ్లు మారుస్తూ కొన్ని వారాల పాటు కరిగించి చూడటం. రెండోది, కొంచెం మురుగు బురద కలిపి గాలి చొరకుండా మూసిన సీసాలో ఉంచి నెలనెలా నీళ్లు పరీక్షించడం. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, ఆర్సెనిక్ కొలిచే ల్యాబు ఒకటుంటే చాలు.

నన్నడిగితే

నీళ్లలో ఆర్సెనిక్ లీటరుకు పదుల మిల్లీగ్రాముల్లోపే ఉంటే ఆలోచనే వద్దు, ఆక్సిడైజ్ చేసి ఫెర్రిక్ వేయండి. ఇనుము నిష్పత్తి నాలుగు కంటే తగ్గించకండి. లీటరుకు గ్రాముల్లో ఉండి, ఏడాది పొడవునా రోజూ వస్తూ, ఆవిరి అందుబాటులో ఉంటే స్కోరొడైట్ లెక్క వేయడం న్యాయం, వెనకాల ఫెర్రిక్ దశతో సహా. ఆ స్థాయి యూనిట్ విజయవాడ, గుంటూరు చుట్టూ ఉంటే నాకు ఆశ్చర్యమే, విశాఖ వైపు అయితే అది వేరే సంగతి. గ్రాముల్లోనే ఉన్నా నెలకు కొన్ని డ్రమ్ములే అయితే స్కోరొడైట్ మాట ఎత్తకండి, విత్తనపు స్ఫటికాలు నిలబెట్టుకోవడానికే మీ జీతాలు చాలవు.

బ్యాటరీ సీసం మడ్డి చేతిలో ఉన్నవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. నైట్రేట్ వేసి తీసినది కాబట్టి అందులో ఆర్సెనిక్ చాలావరకు ఆర్సెనేట్‌గానే ఉంటుంది, ఆక్సిడెంట్ ఖర్చు తక్కువ. నీళ్లలో కరిగించి, సీసం, యాంటిమొనీ మడ్డిని వడకట్టి, క్షారాన్ని మెల్లగా తగ్గించి ఫెర్రిక్ వేస్తే కుదురుతుంది. ఒక్క జాగ్రత్త ప్రాణానికి సంబంధించింది: ఆర్సెనిక్ ఉన్న ఆమ్ల ద్రావణంలో జింక్ పొడి, అల్యూమినియం ముక్కలు, ఇనుప రజను పడకూడదు. ఆర్సీన్ గ్యాస్ పుడుతుంది, రక్తంలోని ఎర్రకణాలను పగలగొడుతుంది, రంగు లేదు, వెల్లుల్లి వాసన వచ్చేలోపే ఆలస్యం కావచ్చు. ఆమ్లం పట్టే ట్యాంకుకు రబ్బరు లైనింగో, ప్లాస్టిక్కో వాడండి, గాల్వనైజ్డ్ బకెట్లు ఆ షెడ్డులోకే రానివ్వకండి.

ఏడాదికి నాలుగైదు డ్రమ్ములు మాత్రమే వచ్చేవాళ్లు సొంతంగా ఏ ఖనిజమూ చేయనక్కర్లేదు. పొడిగా, మూత బిగించి, ఆర్సెనిక్ ఎంత, ఏ రూపంలో ఉందో రాసి, మానిఫెస్ట్ (వ్యర్థాల రవాణా పత్రం)తో నేరుగా టీఎస్‌డీఎఫ్‌కు పంపడమే చవక. మిగతావాళ్లు పైలట్ ట్యాంకు కట్టే ముందే ఆ కేంద్రానికి ఒక ఉత్తరం రాయండి: మా కేక్‌లో మీరు సిమెంటు, సున్నం కలుపుతారా, కలిపితే ఎంత శాతం, పూడ్చే గుంటలో పీహెచ్ ఎంత ఉంటుంది? అనుమతులు చూసే కాలుష్య నియంత్రణ మండలి ప్రధాన కార్యాలయం విజయవాడలోనే ఉంది కాబట్టి ఆ ఉత్తరం నకలు అక్కడా ఇవ్వొచ్చు. జవాబు చేతికొచ్చాకే ఏ ఖనిజమో ఖరారు చేయండి, టెండరు పిలవండి.